ఓళిగలు చేసేదాకా ఆగినాను

పైనింట్లో ఒక మనిషి చావుకు దగ్గరవుతా ఉంటే కింద నేను ఓళిగలకు పూర్ణం రుబ్బుకుంటా కూచోవడం, నాకు అన్నిటికన్నా భయం అదే. ఒకసారి అట్లా కూచున్నాను. మళ్ళీ కూచుంటానేమో అని భయం.

బొమ్మనహళ్ళిలో లక్ష్మీనారాయణ సార్ ఇంటి కింది గదిలో ఏండ్ల తరబడి ఉన్నాము. సార్ పెద్ద శాస్త్రవేత్త. వరి తెగుళ్ళకు మందు కనిపెట్టినాడని గోడ నిండా సన్మాన పత్రాలు. మా ఆయన ప్రవీణ్ ఆయన ల్యాబులో అటెండరు. "సార్ మాట్లాడితే చీమ కూడా నిలబడి వింటాదే" అనేవాడు. నేను తొమ్మిదిలో బడి మానేసినదాన్ని. సార్ భార్య గీతాంజలక్క నా చేత పదో తరగతి పరీక్ష రాయిస్తానని పట్టుబట్టి, నా పాప భవ్యను ఒళ్ళో వేసుకొని లెక్కలు చెప్పేది. ఒకరోజు స్టీలు డబ్బాలో పులిహోర ఇచ్చి పంపింది. ఆ తరవాత కిందికి దిగలేదు. పైకి పోతే సార్ వాళ్ళమ్మ పద్మావతమ్మ తలుపు సందులోంచే చెప్పింది. "ఒంట్లో బాగలేదమ్మా, పండుకోని ఉండాది."

సోమవారం అక్క ఫోన్ చేసింది. "పల్లవీ, నా డబ్బా ఎప్పుడు తెచ్చిస్తావు?"

"భవ్యకు జ్వరమక్కా, రేపు తెస్తా."

బుధవారం మళ్ళీ చేసింది. "డబ్బా తీసుకొని రామ్మా. నువ్వే రా." గొంతు సన్నగా ఉంది.

నాకు సిగ్గేసింది. డబ్బా కడిగి బోర్లించి ఉంది, అందులో వేసి ఇవ్వడానికే ఏమీ లేదు. పెండ్లయిన వారానికే మా అత్త చెప్పింది, "ఒకరింటి గిన్నె ఉత్తగా పంపే ఆడదాని ఇంట్లో ఏదీ నిలవదు" అని. అప్పటినుంచి పిడికెడు చక్కెరో రెండు కరివేపాకు రెబ్బలో వేయకుండా ఎవరి గిన్నెనూ తిప్పి ఇవ్వలేదు. ఈసారీ కరివేపాకే వేసిస్తానంటే మా ఆయన నవ్వినాడు. "సార్ ఇంటికి కరివేపాకా? ఓళిగలు చెయ్యి. ఇంట్లో కూచున్నదానివి, నీకుండే పనేంది?" నాకుండే పనేంది. జ్వరమొచ్చిన పిల్ల భుజం దిగదు. కొళాయి నీళ్ళు పొద్దున గంటసేపే. ఆయన యూనిఫాం ఉతకాల, ఇస్త్రీ చేయాల. వాటి మధ్య శనగబ్యాళ్ళు ఉడకబెట్టి పూర్ణం రుబ్బేసరికి శుక్రవారం వచ్చింది.

వేడి ఓళిగలతో మెట్లెక్కినాను. తలుపు తెరిచే ఉంది. అక్క మంచం పక్కన సార్ కూచున్నాడు. "ఇప్పుడే పోయిందమ్మా" అన్నాడు, ఎప్పటి మాదిరే మర్యాదగా.

మూడేండ్లు కేసు నడిచింది. అక్క మందులో సార్ రోజూ కొంచెం కొంచెం ల్యాబు విషం కలిపినాడని తేలింది. ఆ మాట బోనులో నిలబడి చెప్పింది పద్మావతమ్మే. "నా కొడుకు కలపడం చూసినాను. ఏందిరా అంటే బలం మందు అన్నాడు. నమ్మడం సుళువు, నమ్మినాను. కోడలు ఫోన్లో మాట్లాడాలన్నా వాడు పక్కన కూచుని స్పీకరు పెట్టించేవాడు. డబ్బా సంగతి తప్ప ఇంకేం చెప్తాది ఆ పిల్ల?"

సోమవారమే ఉత్త డబ్బా ఎత్తుకొని పోయుంటే? ఆ ప్రశ్న ఏ లాయరూ నన్ను అడగలేదు.

సార్‌కు యావజ్జీవం పడింది. మా ఆయన రెండు రోజులు అన్నం ముట్టలేదు. అక్క పోయిన రోజు తిన్నాడు.

మేము ఎలక్ట్రానిక్ సిటీ పక్కకు ఇల్లు మారినాము. పద్మావతమ్మ ఆ ఇంట్లోనే ఒంటిగా ఉంది. కొడుకును జైలుకు తోసిన తల్లి అని బంధువులు రావడం మానేసినారు. మా ఆయనదీ అదే మాట. "ఆ ముసిలామె గడప తొక్కితే మళ్ళీ నా గడప తొక్కొద్దు" అన్నాడు. మర్నాడు పిల్ల చెయ్యి పట్టుకొని బస్సెక్కినాను.

తలుపు కొడితే లోపలినుంచి "బాగుండాను, పో తల్లీ" అంది. పోకుండా మెట్టు మీద కూచున్నాను. ముప్పావు గంటకు గడియ తీసింది. రెండు రోజులుగా ఏమీ తినలేదు, పొయ్యి వెలిగించిన గుర్తు లేదు.

"ఎందుకొచ్చినావు? ఆ రోజు నిన్ను వాకిట్లోంచే తిప్పి పంపింది నేనే కదా."

"తిరిగి పోయింది నేనే కదమ్మా" అన్నాను.

ఇంటికొస్తే మా ఆయన గడపకు అడ్డంగా నిలబడి ఉన్నాడు. జరగమన్నాను. కొంచెంసేపు చూసి జరిగినాడు.

ఇప్పుడు ప్రతి గురువారం పోతున్నాను. మిగతా ఆరు రోజులు నా చేతిలో లేవు. బొమ్మనహళ్ళిలో ఉండేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, సిమెంటు అంగడి వెనక వీధిలో ఆకుపచ్చ గేటు ఇల్లు. మెట్లెక్కి తలుపు కొట్టండి. ఆమెకు ఎడమ చెవి వినపడదు, గట్టిగా కొట్టండి. లోపలినుంచే బాగుండానంటుంది. తలుపు తీసేదాకా కదలొద్దండి.