అంచులో ఏమీ ఉండకూడదు

పెట్టె మూత రెక్క ఇంకా కొంచెం పొడవుగానే ఉంది. ఆయన మౌస్‌తో గీత కొసను పట్టుకుని, షిఫ్ట్ నొక్కిపెట్టి, లోపలికి జరిపాడు. గీత వంకర పోకుండా నడిచి, తెర మీద పరుచుకున్న లేత బూడిదరంగు గళ్ళలో తన గడిని చేరి టక్కున అతుక్కుంది. ఎర్ర గీత కత్తి దిగే చోటు. నీలం చుక్కల గీత అట్ట మడతపడే చోటు. ఇది బల్బు పెట్టె. ఇలా విప్పి పరిస్తే ఏ పెట్టె అయినా చేతులు బార్లా చాచి పడుకున్న మనిషిలాగే ఉంటుంది.

అక్షరాలు, రంగులు, వెలుగుతున్న బల్బు బొమ్మ వేరే వాళ్ళు వేస్తారు. గీతలొక్కటే ఆయనవి. పెట్టె తయారయ్యాక వాటిలో ఒక్కటీ మిగలదు. ఎర్రవి కోతలైపోతాయి, నీలివి మడతలైపోతాయి. ఆ ప్రెస్సులో అందరూ ఆయన్ని గీతలాయన అనే పిలుస్తారు. అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తురాదు.

గీతల తర్వాత అంచు. ఎర్ర గీతకు లోపలివైపు చుట్టూ సన్నటి ఖాళీ వదలాలి. కత్తి ఎంత మంచిదైనా దొంతర మీద దిగేటప్పుడు వెంట్రుకవాసి అటో ఇటో జరుగుతుంది. అంచులో ఏదుంటే అది తెగిపోతుంది. ఎవరైనా పువ్వునో అక్షరాన్నో అక్కడిదాకా తెస్తే ఆయన కుర్చీలోంచి లేవకుండానే, "అంచులో ఏమీ ఉండకూడదు" అంటాడు. కటింగ్ మిషన్ దగ్గర పనిచేసే, అందరూ కత్తెరమ్మ అని పిలిచే ఆవిడకు ఆ మాట వేళాకోళమైపోయింది. ఆయన తన అన్నం డబ్బాను బల్ల చివర పెడితే చాలు, "గీతలన్నా, అంచులో ఏమీ ఉండకూడదు" అని లోపలికి నెట్టి పోతుంది.

ఈరోజు కూడా నెట్టింది. ఆయన నవ్వలేదు. పొద్దున గుమ్మం దగ్గర మరదలు అన్న మాటే చెవిలో ఉంది.

"నిన్న కూడా అంతే బావా. పగలంతా చార్టు మీద ఆ ఖాళీలోనే వేలితో కొడుతూ కూర్చుంది అక్క. నీళ్ళా అన్నాను, దుప్పటా అన్నాను, కిటికీ తియ్యనా అన్నాను. అన్నిటికీ తల అడ్డంగానే ఊపింది. చివరికి కళ్ళు మూసుకుంది. నాకు ఏడుపొచ్చింది."

"గళ్ళు చిన్నవయ్యుంటాయి. ఈరోజు పెద్దవి చేసి తెస్తాను."

"పోయినసారీ అదే అన్నావు."

భార్యకు పక్షవాతం వచ్చి ఏడాది దాటింది. కుడివైపు పడిపోయింది, మాట పడిపోయింది. మాట్లాడకుండా కూర్చోమంటే జ్వరం వచ్చినట్టు అయిపోయే మనిషి. పక్కింటి గోడతోనైనా మాట కలిపే రకమని చుట్టాలు నవ్వుకునేవాళ్ళు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన వారంలోనే ఆయన గళ్ళ చార్టు గీశాడు. గడికో బొమ్మ. ఎడమచేతి వేలు ఏ గడి మీద ఆగితే అది కావాలని. పిల్లలు లేరు. పగలు ఆయన పనికి వెళ్తే రెండు వీధుల అవతలనుంచి మరదలు వచ్చి ఉంటుంది. ఆమె చార్టును మంచం మీద చెక్క పళ్ళేనికి ఆనించి నిలబెట్టి వంట చూసుకుంటుంది. సాయంత్రం ఆయన వచ్చి పక్కన కుర్చీ వేసుకుని, చార్టు చేత్తో పట్టుకుని చూపిస్తాడు.

సాయంత్రాలు ఆమె ఒక్కసారి కూడా ఖాళీలో కొట్టలేదు. నీళ్ళంటే నీళ్ళు, నొప్పంటే నొప్పి, గడి తప్పేది కాదు. చివరికి వేలు వచ్చి ఆయన చేతి మీద వాలేది. అలసిపోయిందనుకుని ఆయన చార్టు పక్కన పెట్టేసేవాడు. పగటిపూట ఏమవుతుందో ఆయనకు అంతుబట్టలేదు. వెలుతురు కళ్ళలో పడి గళ్ళు కనబడటం లేదేమో. లేకపోతే ఆమె అడిగేది ఆయన గియ్యనే లేదేమో.

భోజనాల వేళ మిగతావాళ్ళు మెట్ల మీదికి వెళ్ళాక ఆయన చార్టు ఫైలు తెరిచాడు. గళ్ళన్నీ ఒకేసారి పట్టుకుని మూల లాగాడు. అన్నీ కలిసికట్టుగా పెరిగాయి. గ్లాసు, పై వెడల్పు కింద సన్నం. దిండు, మూలలు గుండ్రం చేసిన దీర్ఘచతురస్రం. ఫ్యాను, ఒక రెక్క గీసి మిగతావి తిప్పి అతికించాడు. నొప్పికి గడి నిండా రంపపు పళ్ళలాంటి గీతలు. లైటుకు బల్బు, ఇవాళ్టి పెట్టె మీదిదే. మరదలికి కొప్పున్న గుండ్రటి తల. డాక్టరుకు మెడలో గొట్టం. కొత్తగా ఏం చేర్చాలో ఆలోచించాడు. పాట? గీయడానికి రేడియో సులువు. చెల్లెలి పిల్లలు? వాళ్ళను చూడాలనుందేమో. రెండు చిన్న తలలు గీశాడు. అద్దం? అద్దం గీసి, ఆమె ముఖం గుర్తొచ్చి తీసేశాడు.

యజమాని చేతులు తుడుచుకుంటూ వెనకనుంచి వంగి చూశాడు.

"పెద్దమిషన్ మీద వేసుకో. రంగులు బాగా వస్తాయి."

"చిన్నదాని మీద చాలండీ."

"నీ చాదస్తం నీది. పెద్దదాని మీదే వెయ్యి. కాగితం కూడా మందంది తీసుకో."

చూడటానికి కటువైన మనిషి. వెళ్తూ వెళ్తూ ఆయన కుర్చీ వైపు ఫ్యాను తిప్పి పోయాడు.

కంప్యూటర్లు రాకముందు ఆయన ఇదే పని సిరా కలంతో చేసేవాడు. పెళ్ళయిన కొత్తలో పని మిగిలితే ఇంటికి తెచ్చుకుని నేలమీద అట్ట పరిచేవాడు. పొడవు స్కేలు అవతలి కొస జారకుండా ఆమె బొటనవేలు ఆనించి పట్టుకునేది, పట్టుకున్నంతసేపూ వీధిలో అందరి కబుర్లూ చెప్పేది. ఓసారి ఆ కబుర్లలో పడి ఆయన గీతను ఆమె గోటి చుట్టూ తిప్పేశాడు. తిన్నటి గీత మధ్యలో చిన్న గుట్ట. అట్ట పాడైంది. "నా వేలు నీ గీతకంటే గట్టిది" అని ఆమె చాలా ఏళ్ళు చెప్పుకుంది. ఇప్పుడు గీత తిన్నగా రావడానికి ఎవరూ ఏమీ పట్టుకోనక్కరలేదు. షిఫ్ట్ నొక్కితే చాలు.

మధ్యాహ్నమంతా బల్బు పెట్టెలో గడిచింది. పని సర్దుకునే వేళకు ఆయన చార్టు అచ్చు తీసి, ప్లాస్టిక్ పొర అతికించడానికి కటింగ్ బల్ల దగ్గరికి తీసుకెళ్ళాడు. కత్తెరమ్మ కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి చూసింది.

"బాగుందన్నా. ఇంకా అదే గొడవా ఇంట్లో?"

"అదే. పగలంతా ఖాళీలో కొడుతోందట."

"ఖాళీ అంటే ఎక్కడ? ఏ గడి పక్కన?"

"గళ్ళలో కాదమ్మా. అంచులో. కింద, కుడిపక్క."

"చూపించు మరి. పట్టుకుని నిలబడితే నాకేం తెలుస్తుంది?"

ఆయన కాగితాన్ని ఆమెకేసి తిప్పి పట్టుకున్నాడు, సాయంత్రాలు ఇంట్లో పట్టుకున్నట్టే. చూపించబోయి ఆగాడు.

"వేలు తియ్యి," అంది కత్తెరమ్మ. "అక్కడ నీ బొటనవేలుందిగా, ఎలా కనబడుతుంది?"

ఆయన వేలు తియ్యలేదు. తలవంచి దాన్ని చూస్తూ ఉండిపోయాడు. మొద్దు గోరు, గోటి పక్కన సిరా కలం నాటి నల్లటి మచ్చ. ఏడాదిగా రోజూ ఆ వేలు ఆనే చోటు అదే. చార్టు పళ్ళేనికి ఆనించి ఉన్నప్పుడు మాత్రమే అక్కడ ఖాళీ. సాయంత్రాలు భార్య వేలు వాలింది కూడా దాని మీదే. చాలు, తీసెయ్యమంటోందనుకుని ఆయన ప్రతిసారీ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఏమైందన్నా?"

"నేను కావాలంటోంది," అన్నాడు.

కత్తెరమ్మకు అర్థం కావడానికి కొద్దిసేపు పట్టింది. అర్థమయ్యాక కళ్ళద్దాలు దించుకుని, ఏదో వెతుకుతున్నట్టు బల్ల సొరుగు తీసింది.

ఆయన మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. కోడిగుడ్డు ఆకారం ఒకటి గీసి, కింద కోసి, రెండు పక్కలా గీతలు దింపాడు. లోపల గోరు. కణుపు దగ్గర మూడు వంపు గీతలు. వంపు గీయడం తిన్న గీతలా కాదు. తెర మీద గీత కొసల దగ్గర పుట్టే పిడులను మౌస్‌తో పట్టుకుని ఓపికగా లాగాలి. చివరికి గోటి పక్కన నల్ల చుక్క పెట్టాడు. దాన్ని ఏ గడిలోనూ పెట్టలేదు. గళ్ళకు అతుక్కునే ఏర్పాటు తీసేసి, కింద కుడిపక్క అంచులోకి, కాగితం చివరిదాకా జరిపాడు.

కత్తెరమ్మ కొత్త కాగితం చూసి, "అంచులో పెట్టావే," అంది మెల్లగా.

"కత్తి జరుగుతుందేమో చూసుకో."

"జరగదు. ఒక్క కాగితమేగా, చేత్తో కోస్తాను."

పొర అతికించి, కోసి, వేడి తగ్గేదాకా విసిరి, పాత కేలండరు కాగితంలో చుట్టి ఇచ్చింది.

బస్సు నిండుగా ఉంది. ఎవరో లేచి ఆయన్ని కూర్చోమన్నారు. ఆయన కాగితపు చుట్టను నలగకుండా నిలబెట్టి పట్టుకుని, వెళ్ళగానే ఏమనాలో అనుకుంటూ కూర్చున్నాడు. పగలు సెలవు పెట్టడం కుదరదు. మధ్యాహ్నం ఒకసారి ఇంటికొచ్చి పోవచ్చు, యజమాని కాదనడు. రోజూ వస్తానని చెప్పాలి. ఇంజను మోతలో, సంచి అడుగున ఫోను మోగడం ఆయనకు వినబడలేదు.

ఇంటి తలుపు తీసే ఉంది. పక్కింటావిడ గుమ్మంలోంచి తప్పుకుని దారిచ్చింది. లోపల లైటు లేదు. మరదలు మంచం పక్కన నేలమీద కూర్చుని ఉంది.

"నిద్రపోతోందనుకున్నాను బావా," అంది. "పాలు తాగింది. కాసేపు ఆ ఖాళీలో కొట్టింది. తర్వాత నిద్రపట్టిందనుకుని చప్పుడు చెయ్యలేదు. లైటు వేద్దామని వచ్చి చూస్తే..."

ఆయన తలాడించాడు. కుర్చీ లాక్కుని ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నాడు. ఆమె ముఖంలో బాధ లేదు. పెదవి ఒకవైపు జారడం కూడా ఈ చీకట్లో కనబడటం లేదు, పెళ్ళినాటి ముఖంలా సమంగా ఉంది. ఎడమచెయ్యి పళ్ళెం మీద పడి ఉంది. ఆయన దాన్ని తీసి తన చేతుల మీద పెట్టుకున్నాడు. ఇంకా పూర్తిగా చల్లబడలేదు. ఆ వేలికొసను తన బొటనవేలి మీద ఆనించుకున్నాడు.

"వచ్చాను," అన్నాడు.

చాలాసేపటికి మరదలు లేచి, కొంగుతో ముఖం తుడుచుకుని, స్విచ్ నొక్కింది. కొత్త చార్టు చుట్ట విప్పకుండా అలాగే ఆయన ఒళ్ళో ఉంది. పళ్ళేనికి ఆనించిన పాత చార్టు మీద వెలుతురు పడి గళ్ళన్నీ తళతళలాడాయి. కింద కుడిపక్క అంచులో మాత్రం, వేలికొస పట్టేంత మేర, ప్లాస్టిక్ మెరుపు పోయి మసకబారి ఉంది.