లేడీ బోనో సంతకం

తెల్లపిల్లల బడికి మూడు బస్సులుండేవి. నల్లపిల్లల బడికి ఒక్కటీ లేదు. పందొమ్మిదివందల యాభైలో, దక్షిణ కరొలైనాలోని ఆ కౌంటీలో, లేడీ బోనో కూతురు వెల్మా రోజూ ఏడు మైళ్లు నడిచి బడికి పోయేది. వాగు పొంగిన నాడు బూట్లు చేతబట్టుకొని దాటేది. ఆ బిడ్డ కోసమే తల్లి, నల్లపిల్లలకూ బస్సు కావాలన్న అర్జీలో సంతకం చేసింది. కోర్టుకెక్కాలంటే ఇరవైమంది కావాలన్నాడు నల్లవారి తరఫు వకీలు. సరిగ్గా ఇరవైమందే దొరికారు.

బడులు నడిపే తెల్లవారి సంఘం విచారణకు పిలిచిన నాడు, మెట్ల దగ్గర పొరుగింటి హ్యాటీ ఆమె చెయ్యి పట్టుకొంది.

"వదినా, సంఘం వకీలు విట్లాక్ దొర బట్టలు ఉతికేదే నువ్వు. ఆయనకే ఎదురు నిలబడితే రేపు మీ పొయ్యిలో పిల్లి లేవదు, చూసుకో!"

"లేవకపోతే దానికీ కాస్త నిద్ర. పద."

పందొమ్మిదిమంది మాట మీద నిలిచారు. చివరికి ఆమె వంతు వచ్చింది. విట్లాక్ అర్జీ చేతిలోకి తీసుకొన్నాడు.

"ఏం ఆంటీ, అర్జీ పట్టుకొని ఇల్లిల్లూ తిరిగిన ఆ పాస్టరు నీ చెయ్యి పట్టుకొని రాయించాడు కదూ? అవునను చాలు, పేరు కొట్టేస్తా. సోమవారం నీకు బట్టలు పంపొద్దూ?"

ఆ 'ఆంటీ'లో వరస లేదు, ఆదరమూ లేదు. నల్లజాతి స్త్రీని శ్రీమతి అనవలసి వస్తుందేమోనని తెల్లవారు వెతుక్కున్న అడ్డదారి అది. ఈ సంగతి ఎరిగే ఆమె తండ్రి, 'పేరైనా పలకక తప్పదు కదా, చూద్దాం' అని బిడ్డకు లేడీ అని పేరు పెట్టాడు. నలభై ఏళ్లలో ఒక్క తెల్లనోరూ ఆ పేరు పలకలేదు.

ఆమె దొరగారి కాలరు వంక చూసింది. ఆ గంజి తన చేతిదే.

"ఏ పేరు కొట్టేస్తారు దొరగారూ?"

"నీ పేరే!"

"కాగితంలో ఉన్నది చదవండి. నాదో కాదో చెబుతాను."

"ఆంటీ బోనో."

"ఆ పేరున ఇక్కడ ఎవరూ సంతకం పెట్టలేదండీ."

వెనుక బల్లల మీద ఎవరో నవ్వును దగ్గుగా మార్చుకొన్నారు. గుమాస్తా పెన్సిలెత్తి, "ఏమని రాసుకోమంటారు సార్?" అన్నాడు.

కాలరుకు పైన మెడ ఎర్రబడింది.

"లేడీ... లేడీ బోనో."

"నేనేనండీ. చెయ్యి నాది, రాత నాది. చట్టం ముందు అందరూ సమానమని రాజ్యాంగంలో ఉందట. అది మా వెల్మా నడిచే దారికి ఎప్పుడొస్తుందో అడగడానికి పెట్టాను. కొట్టెయ్యకండి."

పేరు ఉండిపోయింది. ఇరవై ఇరవైగానే కోర్టుకు వెళ్లింది.

సోమవారం బట్టల బుట్ట రాలేదు. దొరగారి చొక్కాల కోసం కాచిన గంజి గిన్నెలో మిగిలే ఉంది. ఆమె దాన్ని వెల్మా గౌనుకు పెట్టి, మడత చెదరకుండా ఇస్త్రీ చేసి, తొడిగి పంపింది. దారి మాత్రం ఏడు మైళ్లే.