గోరుకు దొరకని ముక్క

మా అక్క దుకాణంలో నా ఉద్యోగమేమిటని ఎవరైనా అడిగితే, ఏరడం అని చెబుతాను. చెత్త ఏరడం కాదు లెండి, ఆట ఇటుకలు. జనం ఇళ్లు మారేటప్పుడు వదిలించుకునే ప్లాస్టిక్ ఇటుకలు మా దగ్గరికి గోతాల్లో వస్తాయి. వాటిని కడిగి, ఆరబెట్టి, రంగుకో డబ్బా, ఆకారానికో డబ్బా చొప్పున వేరు చేయాలి. అక్క వాటికి ఫోటోలు తీసి ఆన్‌లైన్ సంతలో పెడుతుంది. కొనేవాళ్లలో పిల్లలు తక్కువ, గడ్డాలు నెరిసిన పెద్దమనుషులే ఎక్కువ. ఒక్క ముక్క రంగులో పిసరంత తేడా వచ్చినా కొంపలు మునిగినట్టు ఉత్తరాలు రాస్తారు.

ఈ పనిలో మాకొక పద్ధతి ఉంది. ఒక ముక్కను ఇంకోదానికి బిగించడానికి ఇటుక మీద బొడిపెలుంటాయి కదా, అసలు కంపెనీదైతే ప్రతి బొడిపె మీదా కంపెనీ పేరు సన్నటి అక్షరాల్లో ఉబ్బెత్తుగా ఉంటుంది. అన్నిటినీ కళ్లతో చూస్తూ కూర్చుంటే సాయంత్రానికి తల పగిలిపోతుంది. అందుకని బొటనవేలి గోరుతో గీస్తాం. తట్టుకుంటే అసలుది, జారిపోతే నకిలీది. ఈ విద్య నాకు నేర్పింది నాన్న. ఎవరితోనైనా కబుర్లాడుతూ కూడా ఏరెయ్యగలను. నా గోరంటే నాకు అంత పొగరు.

నాన్న ఒకప్పుడు ప్లాస్టిక్ సామాన్ల ఫ్యాక్టరీలో అచ్చులు చెక్కేవాడు. అది మూతపడ్డాక దుకాణం వెనక గదిలో బల్ల వేసుకుని, కంపెనీ ఎప్పుడూ చెయ్యని ముక్కలు చేయడం మొదలుపెట్టాడు. వంపు తిరిగిన కిటికీలు, వేలి గోరంత కుట్టుమిషను, ముసలి బొమ్మకు చేతికర్ర. రబ్బరు అచ్చులో రెజిన్ పోసి, గట్టిపడ్డాక తీసి, అంచులు సానబట్టి, కింద తన గుర్తుగా ఒక చుక్క పెట్టేవాడు. సంతలో అలాంటి వాటికి ‘సొంత తయారీ’ అని వేరే అర ఉండేది. నాన్న ముక్కలు అందులో పెట్టీ పెట్టగానే అయిపోయేవి. ఆ రోజుల్లో ఆయన నడకే వేరు.

తర్వాత గొడవ మొదలైంది. సొంత తయారీ ముక్కలు అసలు వాటిలో కలిసిపోతున్నాయని, కొనేవాళ్లు మోసపోతున్నారని. అందరికన్నా గట్టిగా అరిచింది మా పెద్ద ఖాతాదారే. రైల్వే స్టేషన్లు తప్ప ఇంకేమీ కట్టడు కాబట్టి ఆయనకు మేం పెట్టిన పేరు స్టేషన్ మాస్టారు. చివరికి సంతవాళ్లు ఆ అర ఉంచాలా, ఎత్తేయాలా అని దుకాణానికో ఓటు ఇచ్చారు.

“కంపెనీవాళ్లు చెయ్యని ముక్క నేను చేస్తే తప్పేంటి? నా చుక్క పెట్టే అమ్ముతున్నానుగా,” అన్నాడు నాన్న, అన్నం ముందు కూర్చుని.

“నువ్వు పెడతావు నాన్నా. అందరూ పెడతారా? కొనేవాడికి తను కొనేదేంటో తెలియాలి,” అంది అక్క.

“అయితే పెట్టనివాణ్ణి పట్టుకోండి. మధ్యలో నా చేతులు కట్టెయ్యడమెందుకు?”

నాకు నాన్న మాటే సబబనిపించింది. ఇప్పటికీ సగం అలాగే అనిపిస్తుంది. కానీ ఓటు యజమానిది. అక్క ఎత్తేయాలనే వేసింది, వేశానని నాన్న మొహం మీదే చెప్పింది కూడా. కడుపులో ఒకటి పెట్టుకుని పైకొకటి మాట్లాడటం దానికి చేతకాదు. నాన్న చెయ్యి కడుక్కుని వెనక గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. ఆ అర పోయింది. దాంతోపాటే ఇంట్లో మాటలూ పోయాయి.

అలాంటి సమయంలో స్టేషన్ మాస్టారు పెద్ద ఆర్డరు పెట్టాడు. ప్రదర్శనలో పెట్టబోయే స్టేషన్‌కు పాత బూడిద రంగు కమానులు కావాలి. కంపెనీ ఆ రంగు మానేసి ఏళ్లయింది. మా డబ్బాలో సగానికే ఉన్నాయి. మిగతా సగం కోసం వెతికి వెతికి అక్కకు తల ప్రాణం తోకకొచ్చింది.

“ఇవి ఇవ్వలేకపోతే ఆయన ఇంకో దుకాణం చూసుకుంటాడు. ఆయన వెనకే మిగతావాళ్లూ పోతారు. ఇక మూసుకుని కూర్చోవడమే,” అని ఒకరోజు మా ఇద్దరి ముందూ కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆ తర్వాత కొద్దిరోజులకే నేను కడుగుతున్న గోతంలో బూడిద రంగు కమానులు దొరికాయి. ఇంకో గోతం విప్పితే అందులోనూ ఉన్నాయి, ఆర్డరుకు పోగా మిగిలేటన్ని. గోరుతో గీశాను. తట్టుకుంది. కేకలు పెడుతూ అక్క దగ్గరికి పరిగెత్తాను. “మన పంట పండిందే!” అని అక్క నన్ను వాటేసుకుంది. నాన్న గుమ్మంలో నిలబడి మమ్మల్ని చూసి, లోపలికి పోయి ఈల వేస్తూ టీ పెట్టుకున్నాడు. ఆయన అలక తీరిందని సంబరపడ్డాం, పిచ్చి మొహాలం.

ప్రదర్శన మొదలైన మర్నాడు స్టేషన్ మాస్టారు దుకాణానికి వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. జేబురుమాలు మూట బల్ల మీద పెట్టి విప్పాడు. అన్నీ విరిగిన కమానులు.

“పైకప్పు బరువుకు ఒకటి విరిగింది. దాని వెనకే వరసంతా పోయింది. జనం చూస్తుండగానే మొత్తం కూలిపోయిందమ్మా.”

అక్క ఒక ముక్క తీసి వెలుతురులో పెట్టింది. విరిగిన చోట గాజుపెంకులా నున్నగా ఉంది. అసలుది అలా విరగదు. వంగుతుంది, వంగిన చోట తెల్లబడుతుంది.

“సంతకు రాశాను,” అన్నాడాయన. “మీ దుకాణం కదాని ఆగుదామనుకున్నాను. ఊరంతా వినేలా అరిచినవాణ్ణి, కావలసినవాళ్ల దగ్గరికొచ్చేసరికి నోరు మూసుకుంటే ఎలా?”

ఆయన మాటలో తిట్టడానికి నాకు తప్పు దొరకలేదు. దొరికితే తిట్టేదాన్నే.

సంతవాళ్లు అప్పటికే మా దుకాణం ఆపేశారు. సరుకులో ఉన్న నకిలీలన్నీ తీసేసి, ఇక ఒక్కటి కూడా లేదని యజమాని మాటిస్తేనే తెరుస్తారట. ముగ్గురం తినేది ఆ దుకాణం మీదే.

వెనక గదిలోకి వెళ్లి అడిగితే నాన్న దాచలేదు. సొరుగులోంచి రబ్బరు అచ్చు తీసి చూపించాడు.

“అసలు కమాను మీద రబ్బరు పోసి తీశాను. అక్షరాలు నేను చెక్కలేదమ్మా. వాటంతటవే దిగాయి.”

“గీకి చెరిపెయ్యొచ్చుగా నాన్నా? నీ చుక్క పెట్టొచ్చుగా?” అన్నాను.

“చెరిపితే నీ గోరుకు దొరికిపోవూ?”

గోరు ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ జారుతుందో నేర్పినాయనకు తెలియదా? స్టేషన్ మాస్టారి కన్నా, సంత కన్నా ముందు ఆయన మోసం చేసింది నన్ను.

“మూసుకోవాల్సి వస్తుందని నువ్వే ఏడ్చావు కదే, చూడలేకపోయాను. లోటు పూడ్చాను,” అన్నాడు అక్కతో. అక్కడితో ఆగినా బాగుండేది. ఉండబట్టలేక, “మీ ఇద్దరికీ తెలియనేలేదుగా!” అన్నాడు. ఓటు వేసిన నాటి నుంచీ ఆ మొహంలో అంత వెలుగు చూడలేదు నేను.

“తెలియలేదు నాన్నా,” అంది అక్క నెమ్మదిగా. డబ్బాలో మిగిలిన కమానులు తెచ్చి ఆయన ముందు కుమ్మరించింది. “ఇప్పుడు నీవి నువ్వు ఏరెయ్. తీసేసి, మాటిచ్చి, దుకాణం తెరుచుకుంటాను.”

“అదెంత సేపు!” అని కళ్లజోడు తుడుచుకుని కూర్చున్నాడు. గీశాడు. దీపానికి అడ్డంపెట్టి చూశాడు. బల్ల మీద తట్టి చప్పుడు విన్నాడు. కొన్ని పళ్లతో కొరికాడు. రెండు కుప్పలు పోశాడు. ఈ కుప్పలోది ఆ కుప్పలోకి, ఆ కుప్పలోది ఈ కుప్పలోకి మార్చాడు. చివరికి రెండిటినీ ఒకటిగా కలిపేసి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ వెలుగు పోయింది.

“నాకే తెలియట్లేదే,” అన్నాడు.

“ఒక్క కమానులేనా? ఇంకేమైనా కలిపావా?” అంది అక్క.

నాన్న గోడ పొడవునా ఉన్న డబ్బాల వైపు చూశాడు. “ఏది అయిపోవచ్చిందంటే అది. బూడిద రంగులో… ఎరుపులో కూడా కొన్ని. గుర్తులేదమ్మా. నీకు పనికొస్తాయనుకున్నాను.”

అక్క గోడ ఈ చివర నుంచి డబ్బాలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, సగంలో మానేసింది.

నేను దాని కాళ్లావేళ్లా పడ్డాను. బూడిదవీ ఎరుపువీ పారేద్దాం, మిగతావి బాగున్నాయని రాసి పంపెయ్, ఎవడొచ్చి చూస్తాడు అన్నాను. అది తల అడ్డంగా ఊపింది.

“నాకు తెలియని దానికి నేను మాటివ్వను. ఇస్తే ఆ ఓటు ఎందుకు వేశాను? నాన్న చేతులు ఎందుకు కట్టేశాను?”

మాటివ్వలేదు. దుకాణం మళ్లీ తెరుచుకోలేదు. అక్క ఇప్పుడు ఒక గోదాములో అట్టపెట్టెలకు టేపు వేస్తోంది. వచ్చాక తిని పడుకుంటుంది. నాన్నను పన్నెత్తి ఒక్క మాట అనదు. అన్నా బాగుండేదని ఆయన నాతో రెండుమూడుసార్లు అన్నాడు.

డబ్బాలన్నీ వెనక గదిలోకి చేర్చాం. పారేస్తానంటే నాన్న అడ్డుపడ్డాడు.

“పారెయ్యొద్దే. వంచి చూస్తే తెలుస్తుంది.”

“వంచినవి ఎవరు కొంటారు నాన్నా?”

“అమ్మడానికి కాదు. నాకు తెలియాలి.”

అందుకని రోజూ మధ్యాహ్నం ఆయన ఎదురుగా కూర్చుని ఒక్కో ముక్కా అందిస్తాను. అలవాటు కొద్దీ ముందు గోరుతో గీస్తాను. తట్టుకుంటుంది. ఆయన రెండు చేతులతో పట్టుకుని వంచుతాడు. వంగి తెల్లబడితే “వాళ్లది,” అని పక్కన పడేస్తాడు. టప్పున విరిగితే మాత్రం రెండు ముక్కలూ దగ్గరికి చేర్చి, అతుకు కనపడకుండా పట్టుకుని కాసేపు చూసుకుంటాడు.

“బాగా చేశాను కదే?” అంటాడు.

“బాగా చేశావు నాన్నా,” అంటాను.

అక్క ఇంట్లో ఉన్నప్పుడు మాత్రం అడగడు.