మిషను ఆగినప్పుడు

"మిషనే చేస్తాంటే నీకేమి అలుపే?" సంగటి ముద్దలో గుంత చేసి పులుసు పోయించుకుంటూ అన్నాడు మొగుడు జయరాం. "రేపట్నించి మిల్లు వదిలినాక పుల్లన్నోళ్ల ఇంట్లో బోకులు తోమిరా. నేను మాటిచ్చినా."

ఆ అంట్లు తోమే కూలి ఎంతని సువార్త అడగలేదు. అడిగితే, మిల్లులో పనిచ్చిన పుల్లన్నకు ఆ మాత్రం విశ్వాసం చూపొద్దా అంటాడు. విశ్వాసం అతనిది, తోమే చేతులు ఈమెవి.

"మా కోడలికి నోట్లో నాలుకే లేదప్పా" అని అత్త మురిసిపోయింది.

పామిడి శనక్కాయల మిల్లులో ఆమె పని నిలబడిందీ ఆ నాలుక లేనందుకే. రంగు చూసి పుచ్చు గింజలు ఏరే మిషను వచ్చాక, చాటలు పట్టుకు కూర్చునే ఆడవాళ్లందరినీ యజమాని పుల్లన్న ఇళ్లకు పంపేశాడు. "నువ్వుండు సువార్తా. నువ్వైతే మాట్లాడవు" అన్నాడు.

మిషను మంచిదే, కాదంటే అబద్ధం. వంగి వంగి విరిగిన నడుము ఇప్పుడు నిలబడుతోంది. దుమ్ముకొచ్చే దగ్గు తగ్గింది. కానీ తను మాట్లాడకపోయినా వినేది కదా! పక్క చాట చిన్నక్క మొగుణ్ణి తిట్టే తిట్లు, ఎదురు చాట పెద్దక్క మోటు పాటలు, "ఏమే సువార్తా, నవ్వితే పండ్లు రాలతాయా?" అనే ఎగతాళి. పొద్దంతా ఆ మాటల మధ్య కూర్చుని, సాయంత్రానికి మనిషిలా లేచేది. ఇప్పుడా చోట ఫుస్సు ఫుస్సుమని మిషను ఊదే గాలి హోరు. చిన్నక్క బెంగళూరుకు సిమెంటు పనికి పోయిందట. పెద్దక్క ఏమైందో చెప్పేవాళ్లే లేరు.

ఆ హోరులో ఎవరికీ ఏమీ వినపడదని తెలిశాక ఆమె మిషనుతో మాట్లాడటం మొదలుపెట్టింది. మొదట గొణిగింది. తర్వాత అరిచింది. జయరాం ఆ మాట చెప్పిన మర్నాడు మిల్లు వదిలే వేళకూ అరుస్తూనే ఉంది.

"మాటిచ్చినాడంట! నా చేతులేమన్నా వాడివా? ఇంట్లో తోమేది చాలక ఆడగూడా తోమల్లనా? నేను పోను!"

కరెంటు పోయింది. మిషను ఆగింది. ఆ చివరి మాట ఒక్కటే రేకుల కప్పు కింద మోగింది.

తిరిగి చూస్తే తలుపు దగ్గర పుల్లన్న, పక్కన జయరాం. ఆమెను ఆ ఇంటికి పిలుచుకుపోను వచ్చినట్టున్నారు.

"ఏమంటివే?" అన్నాడు జయరాం.

ఎప్పటిలా తల వంచితే పని మిగిలేది. కానీ తన గొంతు తనకు వినపడటం ఆమెకిదే మొదలు. కాస్త బొంగురుగా, అచ్చం చిన్నక్క గొంతులా ఉంది.

"పోనంటి" అంది సువార్త, ఇక అరవాల్సిన పని లేక.