కొండకు మోసుకుపోయిన నీళ్ళు

మలనాడు కొండ మీద చలికాలమంతా ఒక క్యాంపు నడుస్తుంది. వచ్చినవాళ్ళు గుడారాల్లో పడుకుంటారు, పొద్దున్నే మంచులో నడుస్తారు, సాయంత్రం మంట చుట్టూ ఆడి పాడతారు. ఈరక్క కొడుకు గోపికృష్ణ అక్కడ సోలారు దీపాలు బిగించే పనికి పోయి నెల దాటింది. "అందరూ వచ్చి చూసిపోండమ్మా" అని ఫోను చేశాడు.

"కారు నేనే తోలతా" అంది కోడలు నయన.

పావగడ పక్కన వాళ్ళ ఊరు వల్లూరులో, సోలారు పార్కులో పలకలు కడిగే నీళ్ళ ట్రాక్టరు తోలే పిల్ల ఆమె. అయినా మామ కొల్లప్పకు ధైర్యం చాలలేదు. లారీ డ్రైవరైన బామ్మర్ది హనుమేశ్‌ను తోడు రమ్మన్నాడు. పైగా ఒక షరతు పెట్టాడు.

"కొండెక్కే ఘాటు రోడ్డులో ఒక్కతూరి బండి నిలబడినా స్టీరింగు మా బామ్మర్దికి ఇచ్చేయల్ల. ఆ పొద్దునుంచి కారు ఆయప్పే తోలతాడు."

"సరే మామా."

ఈరక్కకు ఆ మాట నచ్చలేదు. చక్రాల కింద నిమ్మకాయలు పెడుతూ, 'స్వామీ, ఒకచోట నిలబడడం కూడా తప్పేనా?' అని మనసులోనే అడిగింది.

ఇంతలో కొల్లప్ప డిక్కీ నిండా ఫిల్టరు నీళ్ళ డబ్బాలు ఎక్కించాడు. పావగడ సీమలో పుట్టినవాళ్ళకు ఫ్లోరైడు ఉన్న బోరు నీళ్ళు పళ్ళకూ మోకాళ్ళకూ ఏం చేస్తాయో తెలుసు. పెళ్ళికి పోయినా, తిరునాళ్ళకు పోయినా మంచినీళ్ళు వెంట ఉండాల్సిందే.

హిరియూరు దాటాక హనుమేశ్ మొదలుపెట్టాడు. "అమ్మీ, ఆ ఎద్దులబండి మనల్ని దాటుకొని పోతాది చూడు."

"పోనీ మామా, ఎద్దులకు ఏం తొందర పనుండాదో!"

వెనక సీట్లో ఈరక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఘాటు మొదలైంది. రెండు పక్కల చెట్లు రోడ్డును కప్పేశాయి. మలుపు మలుపుకూ బండల మీదినుంచి నీళ్ళు జారుతున్నాయి. కొల్లప్ప అద్దం దించి తల బయట పెట్టాడు.

"ఏందప్పా ఇది! ఇన్ని నీళ్ళు ఊరికే రోడ్డున పోతాండాయే!"

"మనం మాత్రం డిక్కీలో కొళాయి మోసుకొచ్చినాం బావా" అన్నాడు హనుమేశ్.

నయన నవ్వలేదు. ఆమె కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి. గేరు తర్వాత గేరు, మలుపు తర్వాత మలుపు చాలా నిదానంగా ఎక్కించింది. క్యాంపుకు ముందు ఆఖరి మలుపు దగ్గర వాగు ఒండ్రును రోడ్డు మీదికి తెచ్చి పోసింది. ముందు చక్రాలు గిర్రున తిరిగాయి. బండి మూరెడు వెనక్కి జారింది. నయన బ్రేకు బిగించింది.

"నిలబడింది" అన్నాడు కొల్లప్ప. "ఇంక ఇచ్చేయమ్మా."

హనుమేశ్ సీటు బెల్టు విప్పాడు.

"మామా, వెనక బరువుకు ముందర చక్రం నేలను పట్టుకోలేదు. నీళ్ళు దించేస్తే ఎక్కుతాది" అంది నయన.

"బరువుంటేనే కదమ్మీ పట్టు? నా లారీ చూడు."

"నీ లారీని వెనక చక్రాలు నెడతాయి మామా. దీన్ని ముందరివి లాగల్ల."

కొల్లప్ప ఉరిమాడు. "మంచినీళ్ళు రోడ్డున పోస్తావా? ఆ పాపం యాడ కడుక్కుంటావు?"

నయన చేతులు స్టీరింగు మీదినుంచి కిందికి జారాయి.

ఈరక్క కారు దిగింది. మలుపులో బండకు సిందూరం పూసిన ఆంజనేయస్వామి ఉన్నాడు. డిక్కీ తెరిచి, ఒక డబ్బా ఈడ్చుకుంటూ పోయి ఆ బండ మీద వంచింది.

"రోడ్డున పోసేది ఎవరు? స్వామికి పోస్తాండా."

"అక్కా, ఆయన నెత్తిన వాగే పారతాండాది. నీ ఫిల్టరు నీళ్ళు దేనికి?"

"ఎప్పుడన్నా మా వల్లూరు నీళ్ళు తాగినాడేమో అడుగు పో."

హనుమేశ్ పగలబడి నవ్వాడు, నవ్వుతూనే ఇంకో డబ్బా తెచ్చాడు. నీళ్ళు సిందూరం మీదుగా జారి, వాగులో కలిసిపోతున్నాయి. స్వామికి ఇవి అవసరమా అన్న సందేహం ఈరక్కకు రాకపోలేదు. అవసరం తనదేనని తెలిసి కూడా తీసుకుంటాడులే అనుకుంది.

"అయినా బండి నిలబడింది కదా" అని గొణిగాడు కొల్లప్ప.

"నిలబెట్టింది నువ్వెక్కించిన నీళ్ళు. ఆ పిల్ల కాదు" అంది ఈరక్క.

కొల్లప్ప చివరి డబ్బా తనే మోసుకొచ్చి స్వామి పాదాల దగ్గర పోశాడు.

ముగ్గురూ రోడ్డు పక్కన నిలబడ్డారు. నయన ఒక్కతే కారులో కూర్చుంది. కొంచెం వెనక్కి దించి, మొదటి గేరులో మెల్లగా వదిలింది. చక్రం ఒకసారి జారింది, మరుక్షణం పట్టుకుంది. బండి ఒండ్రు దాటి, మలుపు తిరిగి, మంచులోకి పోయింది.

ఈరక్క చెవులు రిక్కించి విన్నది. పైనుంచి హారను మోగింది. ఆగకుండా మోగింది.

ముగ్గురూ రొప్పుతూ పైకి నడిచారు. క్యాంపు గేటు ముందు పెద్ద పెద్ద బళ్ళ నడుమ వాళ్ళ చిన్న కారు ఒళ్ళంతా బురదతో నిలబడి ఉంది. పక్కనే గోపికృష్ణ, నయన. అప్పుడే లోపలినుంచి వచ్చిన గేటు కాపలాదారు బురద కారును చూసి, హనుమేశ్ వైపు తిరిగి, ఈ ఘాటులో బాగా తోలినావని కన్నడలో మెచ్చుకున్నాడు.

హనుమేశ్ నోరు తెరిచేలోపే కొల్లప్ప ముందుకొచ్చాడు. ఆయాసానికి మాట సరిగా రావడం లేదు. అయినా గేటు అవతలి గుడారాలకు కూడా వినపడేంత గట్టిగా చెప్పాడు.

"ఆయప్ప కాదు సామీ! మా కోడలు. పావగడ నుంచి ఈడిదాకా మా కోడలే తోలుకొచ్చింది!"