ముందు సీటు

ముందు సీట్లో కూచునేవాడికి బెల్టు లేకపోయినా ఫర్వాలేదు, నోరుంటే చాలు, ఆఫీసు మెట్లు దిగుతూ మధుకర్ అనుకున్నాడు, మేనేజరు భీమేశ్వరరావు గారి ఉద్దేశం అదే కదా, రేపు మళ్లీ బంద్ మధూ, మదీనాగూడ క్యాబ్‌లో ముందు సీటు నీదేనయ్యా, నీ యాస వింటేనే వాళ్లు దారిస్తారు అని భుజం తట్టారు, టీమ్ లీడ్ యశ్వంత్‌కి ఇచ్చామయ్యా, పని నీదే బాగుంది, కాదనను, కానీ క్లయింటు ముందు కూచోబెట్టాలంటే నీ మాటతీరు ఇంకాస్త సానబట్టాలి అని అంతకు కాసేపటి ముందే అన్న మనిషి, అదే గదిలో, అదే కుర్చీలో, పైకి పనికిరాని యాస రోడ్డు మీదకి వచ్చేసరికి పనికొచ్చింది, ఆ ప్రాజెక్టు మొదటి నుంచీ మోసింది మధుకర్, యశ్వంత్ చెడగొట్టినప్పుడల్లా కూచుని సరిచేసింది మధుకర్, అన్యాయం, ఎవరు విన్నా అన్యాయమే అంటారు, రాజీనామా మెయిల్ ఫోన్లో రాసే ఉంది, నొక్కితే వెళ్లిపోతుంది, నొక్కుదాం, ముందు ఒక చాయ్ తాగి నొక్కుదాం.

గేటు బయట చాయ్ బండి మొగిలన్నది, వారం రోజులుగా ఆ బండి ముందు నుంచి వెళ్లకుండా వెనక గేటులోంచి తిరుగుతున్నాడు, పోయిన వారం బంద్ నాడు మొగిలన్న బండి మూసేసి మదీనాగూడలో రోడ్డు మీద కూచున్నాడు, తెలంగాణ కోసం సకల జనుల సమ్మె, జనగామలో మధుకర్ బాపు కూడా ఆ రోజు రోడ్డు మీదే ఉన్నాడు, క్యాబ్ ఆగింది, అద్దం దించితే ఎదురుగా మొగిలన్న మొహం, అరె తమ్మి, నువ్వు గూడ డ్యూటీకి పోతున్నవా గీ దినం, ఆ గొంతులో కోపం లేదు, కోపమే ఉంటే బండి వెనక్కి తిప్పమనేవాడేమో, నాలుక దానంతటదే కదిలింది, లేదన్నా, మా చెల్లెకు నొప్పులొస్తున్నయ్, దవాఖానకు పోతున్నం, వెనక సీట్లో అనంతపురం నుంచి కొత్తగా ఉద్యోగానికొచ్చిన రమ్య, పెళ్లే కాని పిల్ల, మొహానికి చున్నీ చుట్టుకునే ఉంది, ఆ చున్నీ కొంగు కిందే లాప్‌టాప్ సంచి పొట్ట మీదకి లాక్కుని అమ్మా అని మూలిగింది, పక్కన, ఆ చాయ్ బండి మొహం ఎన్నడూ చూడని యశ్వంత్ మొగుడి అవతారమెత్తి ఫైలుతో గాలి విసిరాడు, మొగిలన్న ఇంకేం అడగలేదు, జరగుండ్రి, ఆడబిడ్డ పానం మీదికొచ్చింది అని కేకలేస్తూ రాళ్లు తనే ఎత్తి పక్కకేశాడు, జనాన్ని తప్పిస్తూ క్యాబ్ ముందు పరుగెత్తాడు, ఒక కాలి చెప్పు ఊడిపోయినా ఆగలేదు, మలుపు తిరిగాక క్యాబంతా ఒకటే నవ్వు, యాక్టింగ్ ఇరగదీశావ్ మధూ అన్నాడు యశ్వంత్, మధుకర్ కూడా నవ్వాడు, అదీ అసలు సంగతి, పక్క అద్దంలో ఆ ఒంటి చెప్పు మనిషి చిన్నదవుతూ ఇంకా చెయ్యి ఊపుతుంటే, చూస్తూ నవ్వాడు.

తమ్మి, ఇటు రా, కనవడుడే లేదు, కోపంలో ముందు గేటుకే వచ్చేశాడు, మొగిలన్న చూసేశాడు, ఇక తప్పదు, చాయ్ వడపోస్తూనే అడుగుతున్నాడు, చెల్లె మంచిగున్నదా, పాప పాలు తాగుతున్నదా, ఆ పాపని పుట్టించింది కూడా మధుకరే, బంద్ మర్నాడు పిలిచి అడిగితే ఆడపిల్లన్నా అనేశాడు, మొగపిల్లాడంటే ఇంకా ఎక్కువ అడుగుతాడని లెక్కేసుకుని మరీ, ఆ రోజు నుంచే వెనక గేటు, ఇప్పుడు మొగిలన్న బండి కింద నుంచి స్టీలు డబ్బా తీసి చేతిలో పెట్టాడు, బాలింతకు పెట్టే కాయం, మీ వదినె పోచమ్మ చేసింది, నెయ్యి జర ఎక్కువనే ఏసింది, పొద్దుగాల ఇంత ముద్ద తినుమను, డబ్బా గోరువెచ్చగా ఉంది, శొంఠి వాసన, పిలిచి ఇంకెవరికైనా ఇచ్చేద్దామా, రమ్యకి ఇస్తే పడీ పడీ నవ్వుతుంది, ఛీ, అంతలో మొగిలన్నే అడిగాడు, ముఖమేంది గట్లున్నది, పరేషాన్‌ల ఉన్నవా, ఉద్యోగం ఇడుస్తున్ననన్నా, అన్యాయం చేసిన్రు, నా మాట మంచిగ లేదట, మొగిలన్న గిన్నె టక్కున దించాడు, ఎవడు వాడు, నీ మాటకేమైంది, నీ మాట ఇనే గద నేను తొవ్వ ఇచ్చిన, యాభై మంది వద్దంటుంటె మా తమ్మి అబద్దమాడడు అని ఇచ్చిన.

నీ మాట ఇనే గద, చాయ్ నాలుకని కాల్చింది, లోకంలో ఆ మాటని నమ్మి రాళ్లు ఎత్తిన మనిషి ఒక్కడు, ఆ మాటని ముందు చవక చేసిందెవరు, భీమేశ్వరరావు గారా, ఆయన వాడుకున్నాడు సరే, అందించిందెవరు, ఇందాక ఆయన లీడ్ నీదేనయ్యా అని ఉంటే ఏమయ్యేది, ఈ మెయిల్ ఉండేదా, రేపు పొద్దున్న బుద్ధిగా ముందు సీట్లో కూచుని ఇంకో చెల్లెకి నొప్పులు తెప్పించేవాడు, అవును, తెప్పించేవాడే, తనకి జరిగింది అన్యాయమే, అది చెరిగిపోదు, కానీ దాన్ని అడ్డం పెట్టుకుని వెళ్లిపోతే ఇది కూడా అబద్ధంతో క్యాబ్ దాటించుకోవడమే, దెబ్బ తిన్నవాడిలా తల వంచుకుని దర్జాగా, ఈ డబ్బా పట్టుకుని, లేదు, మెయిల్ తీసెయ్యాలి, రేపు నేను ముందు సీట్లో కూచోనండి అని ఆయన మొహం మీదే చెప్పాలి, ఉంచుకుంటే ఉంచుకుంటారు, పంపిస్తే దానికే పంపించాలి, కానీ అది రేపటి మాట, దానికంటే కష్టమైంది ఇప్పుడే ఎదురుగా నిలబడి గ్లాసు తుడుస్తోంది, మధుకర్ డబ్బాని తిరిగి బండి మీద పెట్టాడు, చెయ్యి దాని మీద నుంచి రాలేదు కాసేపు, మొగిలన్నా, పాప లేదన్నా, చెల్లె గూడ లేదు.