మెరిసే గిన్నెలో చారు

నా రాతలో తప్పులుంటే సర్దుకుని చదవండి. ఒత్తులు ఇంకా నా మాట వినవు. ఒక్కో వాక్యానికీ ఆగి ఊపిరి తీసుకుంటాను.

ఆసుపత్రి గేటు పక్కన మాకొక తోపుడుబండి ఉండేది. నేనూ మా ఆడపడుచూ కోడి చారు, రొట్టె అమ్మేవాళ్ళం. ఇద్దరికీ మొగుళ్ళు పోయారు. చారు గిన్నె పొద్దస్తమానం బొగ్గుల పొయ్యి మీదే ఉండేది. సెగకు దాని వీపు కాటుకలా అయిపోయింది.

రొట్టెల మీద మూత లేదని మునిసిపాలిటీ వాళ్ళు ఒకసారి హెచ్చరించి వెళ్ళారు. మూత కొన్నాం. ఈసారి తప్పు దొరికితే చోటు తీసేస్తామన్నారు. ఆ చోటే మా ఇద్దరి అన్నం.

తనిఖీ రోజు మా ఆడపడుచు బండిని తోమి తోమి, చివరికి గిన్నె మీద పడింది. “వదినా, ఈ మసిని చూస్తే ఆ ఇన్‌స్పెక్టరమ్మ వీధి మొదట్లోనే వెనక్కి తిరుగుతుంది.” తన పెళ్ళినాటి స్టీలు గిన్నె తెచ్చింది. చారంతా అందులోకి వంపాం.

“పొయ్యి మీద పెట్టనా?”

“పెట్టి దీన్నీ మసి చేస్తావా? మా అన్నయ్యను నల్లబరిచింది చాల్లే.”

“మీ అన్నయ్య పుట్టుకతోనే ఆ రంగు. నా మీదికి తొయ్యకు.”

నవ్వుకుంటూనే బొగ్గుల మీద నీళ్ళు చల్లాను.

ఇన్‌స్పెక్టరమ్మ ఎండెక్కాక వచ్చింది. చిన్న వయసు, మర్యాదస్తురాలు. మా గోళ్ళు చూసింది, నీళ్ళ డ్రమ్ము చూసింది. “చాలా శుభ్రంగా ఉందమ్మా,” అంది. మా ఆడపడుచు నన్ను మోచేత్తో పొడిచింది. అప్పుడా అమ్మాయి సంచిలోంచి పుల్లలాంటి థర్మామీటరు తీసి చారులో ముంచింది. తుడిచి మళ్ళీ ముంచింది.

“గోరువెచ్చగా ఉంది. ఇలా ఉంటే క్రిములు పెరుగుతాయి. తాగేది రోగులు కదమ్మా, పొయ్యి ఎందుకు ఆర్పారు?”

“మీరొస్తున్నారనే, తల్లీ! రోజూ మరుగుతూనే ఉంటుంది. ఎవర్నైనా అడగండి.” మా ఆడపడుచు బండి కింది నల్ల గిన్నెను తీసి, చంటిబిడ్డను చూపినట్టు చూపించింది.

ఆ అమ్మాయి దానివైపు కాసేపు చూసింది. “నమ్ముతున్నానమ్మా. కానీ నేను ఈరోజు చూసిందే రాయాలి.”

చారు కాలవలో పోయించారు. చోటు తీసేసి, మళ్ళీ దరఖాస్తు పెట్టుకోమన్నారు. పెట్టుకునేలోపే ఆ చోట మోటారుసైకిళ్ళు నిలబెట్టడం మొదలైంది.

తప్పు నీది కాదు, పొయ్యి ఆర్పింది నేనే అని మా ఆడపడుచుకు ఎన్నిసార్లో చెప్పాను. పలకదు. పెడితే తింటుంది, లేకపోతే లేదు. చేతులు ఊరికే ఉండలేక నేను మా చెల్లెలి కోడలి దగ్గర అక్షరాలు దిద్దాను. రాసింది చదివి వినిపిస్తే తను గోడవైపు తిరిగి పడుకుంటుంది.

ఇది కూడా వినిపించాను. తిరిగి పడుకుంది.

ఇట్లు, చారు పెద్దమ్మ, అరవై ఏడేళ్ళు. ఉండేది మా చెల్లెలి ఇంటి వెనక రేకుల గదిలో.